యంత్రపు పడవలో నీరును విద్యుత్తును: వాని పూర్వచరిత్రము, చికిత్సాక్రమము

 ఇట్టి సంచికలయందు వంశచరిత్రములను, క్షేత్రమాహాత్మ్యములను బ్రకటించుట పరిపాటి. మేమీసారి యొక చిన్న యంత్రపు పడవ చరిత్రమును జెప్పబూనితిమి. నీటిపై జీవించు కుటుంబమునకు పడవయే పొలము, పడవయే పెట్టుబడి, పడవయే బిడ్డల చదువు. అట్టి వస్తువు నడిసముద్రమున మూలుగుచు నిలిచిపోయిననాడు తీరముననున్న మెకానిక్కు వచ్చి యాదుకొనజాలడు. పడవలో నున్నవారికి దెలిసిన విద్యయే వారిని గట్టెక్కింపవలెను. కావున నీ విషయము చరిత్రకు దగనిదని యెవ్వరును దలంపకుందురు గాక.

పడవలో బుట్టు చిక్కులు సామాన్యముగా రెండు విధములు. ఉండకూడని చోటికి నీరు వచ్చుట యొకటి, పోవలసిన చోటికి విద్యుత్తు పోకుండుట రెండవది. మొదటి దానికి వడ్రంగిని, రెండవ దానికి కరెంటు పనివానిని బిలుచుట మన వాడుక. ఈ రెండును వేఱు వేఱు విద్యలని మనవారి నమ్మకము. ఉప్పునీటిపై దేలు పడవ విషయమున నీ నమ్మకము నిలువదనియు, నీరును విద్యుత్తును నచట నొకటే విద్యయనియు రెండున్నర శతాబ్దముల చరిత్రము చూపుచున్నది. దానిని క్రమముగ విన్నవించుకొందుము.

యంత్రము రాకమునుపు మన తీరమున నుండిన పడవలను ముందుగా స్మరింతము. దుంగలను జేర్చి కట్టిన తెప్పలోనికి వచ్చిన నీరు దుంగల సందులనుండియే పోవును గనుక దానిని దోడవలసిన పనియే లేదు. చెన్నపట్టణమున రేవు కట్టకమునుపు ఓడలనుండి సరకులను, మనుష్యులను ఒడ్డునకు జేర్చిన మసూలా పడవలు మేకులు లేనివి. పలకలను గొబ్బరిపీచు త్రాళ్లతో గుట్టి వానిని నిర్మించెడివారు. కెరటము కొట్టినప్పుడు పలక విఱుగక కొంచెము వంగుటకే యా కుట్టుపని. ఆ కుట్లనుండి నీరూరుట సహజము గనుక తోడుటకు మనుష్యు డుండవలసినదే. కుట్టు తెగినచో దానిని మరల గుట్టువాడును, నీరు వచ్చినచో దోడువాడును ఆ పడవలోనే యుండిరి. పడవకు వలయు విద్య యంతయు పడవవాని చేతిలోనే యుండెను.

నీరు తోడుట ప్రపంచమందంతటను నావికుని మొదటి చింత. సిరక్యూసు రాజైన రెండవ హైరోను క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున గట్టించిన సిరక్యూసియా యను మహానౌక యడుగున జేరిన నీటిని, ఆర్కిమెడీసు కల్పించిన మరచుట్టు యంత్రముతో ఒక్క మనుష్యుడే తోడగలిగెనని అథెనయసు అను గ్రంథకర్త వ్రాసియున్నాడు. ఓడ పెద్దదైన కొలది తోడు యంత్రములు పెరిగెను. ఓడయడుగున నుప్పునీటితో బాటు మఱియొక శక్తి పనిచేయుచున్నదని మాత్రము బహుకాలము వఱకు నెవ్వరికిని దెలియలేదు.

ఆ శక్తి మొదట నష్టరూపముననే కనబడెను. 1761లో ఆంగ్లేయ నౌకాదళమువారు అలారం అను యుద్ధనౌక యడుగునకు రాగిరేకులను దాపిరి. కొయ్యను దొలుచు పురుగు చేరకుండుటయు, నాచును గుల్లలును అంటకుండుటయు వారు కోరిన ఫలము. ఆ ఫలము చేకూరెను. కాని 1763లో నౌకను బరీక్షింపగా రాగికి దగిలియున్న యినుప మేకులు పలుచోట్ల దినివేయబడి యుండెను. కొన్ని చోట్ల మాత్రమే మేకులు చెక్కుచెదరలేదు. విచారింపగా నచట రాగిరేకులకు జుట్టిన గోధుమరంగు కాగితము తీయబడక, మేకునకును రాగికిని నడుమ నిలిచిపోయెనని తేలెను. ఒక కాగితపు ముక్క యినుమును గాపాడిన హేతువు నాటివారికి స్పష్టముగ దెలియలేదు. రెండు లోహము లొకదానినొకటి తాకరాదన్న నియమము మాత్రము దెలిసెను.

హేతువు 1800వ సంవత్సరమున వెల్లడియయ్యెను. ఇటలీ దేశస్థుడగు ఓల్టా పండితుడు వెండిబిళ్లను, జింకు అనబడు తుత్తునాగపు బిళ్లను జతచేసి, జతకును జతకును నడుమ నుప్పునీట దడిపిన యట్టముక్క నుంచి, యట్టి జతల నొకదానిపై నొకటి పేర్చి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును బుట్టించెను. ప్రపంచమున మొదటి బ్యాటరీ యిదియే. రెండు లోహములు, నడుమ నుప్పునీరు: అలారం నౌక యడుగున నున్నవియు నివియే గదా! ఆ నౌక యెవ్వరును గోరకయే యొక బ్యాటరీయై తన మేకులను దానే తినుచుండెను. నేడు కంచు పంకాయు, ఇనుప యిరుసును గల మన చిన్న పడవ సముద్రమున దిగిన క్షణమునుండి యదే పని జరుగుచున్నది.

ఈ రహస్యమును గ్రహించి చికిత్సకు బూనినవాడు సర్ హంఫ్రీ డేవీ. రాగిరేకులు త్వరగా నరుగుచున్నవని నౌకాదళమువారు మొఱపెట్టగా, రాగికి జింకునో పోతయినుమునో తగిలించినచో విద్యుద్ధర్మముచే ఆ రెండవ లోహము తాను క్షయించి రాగిని గాపాడునని 1824లో నాతడు రాయల్ సొసైటీ యెదుట నిరూపించెను. ఈ ప్రయోగములలో నాతనికి దోడ్పడినవాడు మైకేల్ ఫారడే. ఫారడే బాల్యమున బుస్తకములకు అట్టలు కట్టు దుకాణమున బనినేర్చిన బీదవాడు. విద్యుద్విద్య పెద్ద కళాశాలలవారి సొత్తు మాత్రమే యని తలంచువా రీతని స్మరింతురు గాక.

డేవీ చికిత్స ఫలించెను. రాగి యరుగుట నిలిచెను. కాని యాతడూహింపని యుపద్రవ మొకటి వచ్చెను. అరుగుచున్న రాగినుండి నీటిలో గలియు విషాంశమే నాచును గుల్లలను దఱిమివేయుచుండెను. అరుగుట నిలువగానే గుల్లలు దట్టముగ బట్టి నౌకల వేగము తగ్గెను. నౌకాదళమువా రా యేర్పాటును దొలగింపవలసివచ్చెను. విద్యుత్తు దృష్టితో జూచిన నది సరియైన చికిత్సయే. నీటి దృష్టితో జూచిన నది రోగమును మార్చిన చికిత్స. ఒకదానిని మాత్రము చూచి మరమ్మతు చేయుట యెట్లు పరిణమించునో తెలిసికొనుట కింతకంటె మంచి దృష్టాంతము మాకు గానరాలేదు.

ఇక విద్యుత్తు పడవకు శత్రువుగ గాక సేవకుడుగ వచ్చిన విధము చెప్పుదుము. 1838లో యాకోబీ అను శాస్త్రజ్ఞుడు రష్యాదేశమున నీవా నదిపై పదిమందికి పైగా మనుష్యులను గూర్చుండబెట్టి విద్యుత్తుతో బడవను నడపెను. జింకును దినివేయు ఘటములతో నడచిన ఆ పడవ ఖర్చునకు దాళలేక వాడుకలోనికి రాలేదు. 1859లో ఫ్రాన్సువాడగు ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున ముంచి, మరల మరల నింపుకొన వీలగు బ్యాటరీని గల్పించెను. 1881లో ఫోర్ దానిని సులభముగ దయారుచేయు పద్ధతి కనుగొనెను. ఆ సంవత్సరముననే ట్రూవే సేన్ నదిపై బడవ వెనుక దగిలించు విద్యుద్యంత్రమును నడపి చూపెను. 1893లో షికాగో ప్రదర్శనమున ఏబదికి పైగా విద్యుత్పడవలు జనులను ద్రిప్పెను.

అంతలో నూనె యంత్రములు వచ్చెను. 1886లో డైమ్లరు, మైబాకు అను జర్మనులు నెకార్ నదిపై బెట్రోలు పడవను నడపిరి. పెట్రోలు పేలునని జనులు భయపడుటచే, పడవకు దీగలను పింగాణి బుడ్డలను దగిలించి యిది విద్యుత్పడవయని భ్రమింపజేసిరని చెప్పుదురు. 1909లో అమెరికాయందు, నార్వేలో బుట్టి పొలములో బెరిగిన ఓలే ఎవిన్రూడు పడవ వెనుక దగిలించు పెట్రోలు యంత్రములను విక్రయింప నారంభించెను. అతడును స్వయముగ నేర్చిన పనివాడే. నూనెయంత్రము పడవను నడపు పనిని విద్యుత్తునుండి గైకొన్నను, ఇంజనును మేల్కొలుపుట, దీపములు వెలిగించుట, నీరు తోడుట యనునవి విద్యుత్తునకే మిగిలెను. ఇంజను కాకను దీర్చుటకు సముద్రపు నీటిని లోనికి దెచ్చు గొట్టములు వచ్చెను. పూర్వము నీరు బయటనే యుండవలెనని పడవ కట్టెడివారు. ఇప్పుడు మనమే పడవకు రంధ్రములు చేసి నీటిని లోనికి బిలుచుచున్నాము. ఈ మార్పును జదువరులు గమనింతురు గాక.

మన దేశమున నీ మార్పు వేగముగ వచ్చెను. గోదావరిపై 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలలో ద్రాటితో లాగు పడవలును తెరచాప పడవలును సాగెను. తరువాత లాంచీలు వచ్చెను. సముద్రతీరమున, 1952లో నార్వేవారితో గుదిరిన యొడంబడికచే గేరళమున మొదలైన యంత్రపు పడవల పని, తూర్పుతీరమునకును వ్యాపించెను. 1979లో మదరాసు కేంద్రముగ నారంభమైన బంగాళాఖాత కార్యక్రమము చిన్నపడవల విషయమున గృషి చేసెను. నేడు శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి గుజరాతులోని వెరావలు రేవు వఱకు బోయి యంత్రపు పడవలపై బనిచేయు తెలుగువారు గలరు. ఇంజను వచ్చినంత వేగముగ దాని విద్య మాత్రము రాలేదు. పీచుత్రాటి కుట్టు కంటికి గనబడెడిది. తీగలో బోవునది కనబడదు. అందుచే పడవవాడు తన పడవలోనే పరాయివాడయ్యెను.

ఆ విద్య కష్టమైనదా? కాదని మా దృఢవిశ్వాసము. విద్యుత్తు విషయమున దెలియవలసిన మొదటి మాట, అది త్రోవలో బోవునదియే కాక తిరిగి వచ్చునదియు నని. బ్యాటరీ యొక కొననుండి బయలుదేరి ఫ్యూజు, స్విచ్చి, తీగ, పంపు గడచి, వేఱొక తీగవెంబడి రెండవ కొనకు జేరవలెను. పంపు తిరుగనినాడు పంపును మార్చువారే యెక్కువ. ఆ త్రోవను మొదటినుండి నడచి చూచువారు తక్కువ.

పండ్రెండు ఓల్టుల బ్యాటరీ కొన్ని గంటలు విశ్రాంతిగ నున్న పిమ్మట 12.6 ఓల్టులు చూపినచో నిండుగ నున్నట్లు, 12.2 చూపినచో సగమున్నట్లు, 12కు దిగువనున్నచో నించుమించు ఖాళీయైనట్లు తెలియవలెను. ఇంజను నడచునపుడు 14కు సమీపమున జూపనిచో బ్యాటరీ నిండుట లేదని యర్థము. ఇట్లు చూచిన పిదప ఫ్యూజునకు ముందును వెనుకను, స్విచ్చికి ముందును వెనుకను, పంపు కొనలయొద్దను గొలుచుచు బోవలెను. ఓల్టు లెచట దిఢీలున దగ్గునో రోగ మచటనే యున్నది.

ఆ రోగము పదింట దొమ్మిదిమార్లు అతుకున బట్టిన పచ్చని చిలుమే యగునని పనివారందురు. 1827లో ఓము అను జర్మను ఉపాధ్యాయుడు ప్రకటించిన సూత్రముచే దీని ఫలమును లెక్కింపవచ్చును. చిలుము పట్టిన అతుకు అర ఓము నిరోధము గలదనుకొందము. దానిగుండ 5 ఆంపియర్లు పోవునపుడు రెండున్నర ఓల్టు లచటనే నశించును. పంపునకు మిగులునవి పదియే. పంపు మ్రోగును గాని నీటి నెత్తదు. నశించిన శక్తి యేమయ్యెను? పండ్రెండున్నర వాట్ల వేడియై యా యతుకును గాల్చుచుండును. పడవలో నిప్పు పుట్టు మార్గములలో నిదియు నొకటి. కావుననే ప్రతి తీగకును బ్యాటరీకి సమీపముననే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు మాటిమాటికి గాలిపోవుచున్నదని దానికి బదులు లావుపాటి తీగముక్కను జుట్టుట, కావలివానిని జంపి నిద్రించుట వంటిది. బ్యాటరీ నిండునపుడు వెలువడు వాయువు నిప్పురవ్వకు బేలును గనుక దానికి గాలి యాడు చోటు కావలెను. 2023 నవంబరులో విశాఖపట్టణపు చేపల రేవున నిప్పంటుకొని, ప్రక్కప్రక్కల గట్టియున్న పడవలు పదుల కొలది గాలిపోయెను. ఆ ప్రమాదమునకు హేతు వేదియైనను, ఒక పడవ నిప్పు ఆ పడవతోనే యాగదన్న సత్యమును మనమెల్లరము చూచితిమి.

ఇక నీటి విషయము. అడుగున నీరు కనబడగానే తోడుట సరియే. ఎచటినుండి వచ్చెనో విచారించుట యంతకంటె ముఖ్యము. ఆ నీరుప్పనిదా, మంచినీరా యని ముందు తెలియవలెను. మంచినీరైనచో వాన, లేక త్రాగునీటి తొట్టి. ఉప్పునీరైనచో సముద్రము. ఇంజను నడచునపుడే నీరు పెరిగినచో ఇంజనును జల్లార్చు గొట్టములనో, ఇరుసు బయటికి బోవు చోటునో శోధింపవలెను. రేవున గట్టియుండగానే పెరిగినచో పలకలను, అడుగున నున్న టాపులను శోధింపవలెను. కుళాయిలన్నియు గట్టియున్నను త్రాగునీటి పంపు తనంతట దానే యప్పుడప్పుడు తిరుగుచున్నచో గొట్టములో నెక్కడనో కారుచున్నదని యర్థము.

పంపుపై గల నమ్మకమునకును లెక్క యవసరము. నీటిమట్టమునకు 60 సెంటిమీటర్ల దిగువను 25 మిల్లిమీటర్ల వెడల్పుగల గొట్ట మూడినచో, నిమిషమునకు సుమారు 60 లీటర్ల నీరు, అనగా గంటకు 3,600 లీటర్లు లోనికి వచ్చును. గంటకు రెండువేల లీటర్లని పెట్టెపై వ్రాసిన పంపు దానిని గెలువజాలదు. ఎత్తుకు దోడవలసివచ్చుటచేతను, తీగలో ఓల్టులు తగ్గుటచేతను అది వ్రాసినంతయు దోడదు. కావున అట్టి ప్రతి టాపు ప్రక్కను దానికి సరిపడు కొయ్యబిరడా నొకదానిని ద్రాటితో గట్టియుంచుట వివేకము. నీరు తోడు పంపునకు ముఖ్యపు స్విచ్చితో సంబంధము లేక తన ఫ్యూజుతో నేరుగ బ్యాటరీనుండియే త్రోవ యుండవలెను. నీటితో లేచి పంపును నడపు తేలుడు మీటను వారమున కొకసారి చేతితో నెత్తి చూడవలెను. తోడిన నీరు పోవు గొట్టపు కొన నీటిమట్టమునకు దిగువ నున్నచో, పంపు నిలిచిన పిమ్మట సముద్రమే యా గొట్టముగుండ వెనుకకు వచ్చును.

ఇంజనును జల్లార్చు నీటిపంపులోని రబ్బరు చక్రము నీరు లేక కొద్ది నిమిషములు తిరిగినను జెడును. ఇంజను నడపగానే వెనుక నీరు పడుచున్నదా యని చూచుట ప్రతిదినము చేయవలసిన పని. పడనిచో ముందు టాపును, పిదప జల్లెడను, అటుపిమ్మట రబ్బరు చక్రమును జూడవలెను. చక్రపు ఱెక్క విఱిగియున్నచో ఆ ముక్క గొట్టములో నెచట జిక్కెనో వెదకి తీయవలెను.

ఇట్లు రెండు త్రోవలను వేఱుగ జెప్పితిమి గాని, అవి కలియు చోటులే పడవకు మర్మస్థానములు. అడుగునీట మునిగిన యతుకునుండి విద్యుత్తు నీటిలోనికి గారినచో, ధనధ్రువపు దీగ కొలదిదినములలోనే పొడియగును. ఆ ప్రవాహము కంచు టాపుగుండ సముద్రమున కెక్కినచో టాపునే తినివేయును. పైకి బాగుగ గనబడుచున్న టాపు చేయి వేయగానే విఱుగును. అపుడు కరెంటు రోగము నీటి రోగమై పడవను ముంచును. అందుచే అతుకులు అడుగునీటికి ఎత్తున నుండవలెను. పంకాను, ఇరుసును గాపాడుటకు డేవీ చూపిన జింకు ముక్కలనే నేటికిని బిగించుచున్నారు. అవి సగ మరుగగానే మార్చవలెను. వానికి రంగు పూయరాదు, పూసినచో అవి పనిచేయవు. గోదావరి మంచినీట దిరుగు లాంచీకి జింకు చాలదు, మెగ్నీషియము తగును. మంచినీరును ఉప్పునీరును గలియు మొగలలో దిరుగు పడవకు అల్యూమినియపు మిశ్రలోహము మేలు. కొయ్యపడవకు జింకు నతిగా బిగించినచో, కాపాడబడిన లోహముచుట్టును క్షారము పుట్టి కొయ్య మెత్తబడును. డేవీ నేర్చిన పాఠ మిప్పటికిని మాఱలేదు. చికిత్స చేయువాడు విద్యుత్తును, నీటిని, కొయ్యను మూటిని గలిపి చూడవలెను.

మహాజనులారా, మా విన్నప మొక్కటియే. ప్రతి రేవునందును ఒక పాకను, అందొక బల్లను నేర్పరచి, దానిపై పాత బ్యాటరీయు, ఓల్టులను గొలుచు యంత్రమును, చెడిన పంపును, అరిగిన జింకును, విఱిగిన రబ్బరు చక్రమును ఉంచుదము గాక. పెద్దలలో బనినెఱిగినవారు వారమున కొక సాయంకాలము పిల్లలకు వాని విప్పి చూపుదురు గాక. ప్రతి పడవయందును దాని తీగల త్రోవను, గొట్టముల త్రోవను గీచిన పటమొకటి తడవని చోట నంటింపబడుగాక. దీనికగు వ్యయ మొక యింజను ధరతో బోల్చిన నత్యల్పము. దాతలు శిలాఫలకములపై దమ పేరులు చెక్కించుకొనుట మంచిదే. అట్టి పాక యొకదానిని నిలిపినవారి పేరు, రాత్రివేళ సముద్రమున నిలిచిన ఇంజనును దానే బాగుచేసికొని యింటికి వచ్చిన ప్రతి యువకుని నోటను వినబడును. పూర్వులు పీచుత్రాటి కుట్టును ఎట్లు తమ చేతులలో నుంచుకొనిరో, మనము నట్లే తీగను, గొట్టమును మన చేతులలోనికి దెచ్చుకొందము. ఈ మహాసభ యీ విషయమున నొక తీర్మానమును గావించి, వచ్చు సంవత్సరపు సభనాటికి గనీసము రెండు రేవులయందైనను ఈ పనిని ఆరంభించునని యాశించుచు, ఇంతటితో విరమించుచున్నాము.